సెంటర్-లెఫ్ట్ పార్టీలు సమష్టి పోరాటాన్ని మళ్లీ నిలబెట్టగలవా?

"సెంటర్-లెఫ్ట్ (మధ్యేమార్గానికి దగ్గరగా ఉండే వామపక్ష) పార్టీలు జనాన్ని కూడగట్టి పోరాడే రాజకీయాన్ని మళ్లీ నిలబెట్టగలవా, లేక ఇక ఎన్నికల ప్రచారం వరకేనా?" అని అడిగారు. ఉద్యోగుల సంఘంలో చాలాకాలం యూనిట్ స్థాయిలో పనిచేశాను. నా జవాబు: నిలబెట్టగలవు. కాకపోతే సభ్యత్వాల లెక్క చూసుకుని మురిసిపోవడం మానాలి.

బ్రిటన్ లేబర్ పార్టీనే తీసుకోండి. 1900లో కార్మిక సంఘాలూ సోషలిస్టు సంస్థలూ కలిసి పెట్టుకున్న పార్టీ అది. 2015 నాయకత్వ ఎన్నికప్పుడు 3 పౌండ్లు కట్టి మద్దతుదారుగా నమోదైతే ఓటు హక్కు ఇచ్చారు. లక్ష మందికి పైగా అలా వచ్చారు, జెరెమీ కార్బిన్ దాదాపు 60 శాతం ఓట్లతో గెలిచారు. తర్వాత పార్టీ సభ్యులు 5 లక్షలు దాటారు. అదే పార్టీకి 2019లో వచ్చినవి 202 సీట్లు. 1935 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ రాలేదు. ఆ ఓటమికి బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం) మొదలుకుని కారణాలు చాలా ఉన్నాయి, అది వేరే చర్చ. కానీ చేరినవాళ్లలో చాలామందికి దొరికిన పని నాయకుడికి ఓటేయడం, ఎన్నికలొస్తే ఇంటింటికీ తిరగడం. పనిచేసే చోటో అద్దెకుండే చోటో పక్కవాళ్లతో కలిసి ఏదో ఒకటి సాధించుకున్న అనుభవం వాళ్లకి పార్టీ ద్వారా రాలేదనిపిస్తుంది.

మా యూనిట్లోనూ కాగితం మీద అందరూ సభ్యులే. చందా జీతంలోంచే కట్ అయ్యేది. వాట్సాప్‌లో పిలుపిస్తే బొటనవేళ్లు వరసగా పడేవి, గేట్ మీటింగ్‌కి మాత్రం ఎప్పుడూ వచ్చే ఆ నలుగురే. అప్పట్లో అందరి టెన్షన్ షిఫ్టు చార్టు గురించి. రేపటి షిఫ్టు ఈరోజు రాత్రి మార్చేసేవాళ్లు. మేము జీతాల మీద కరపత్రాలు వేస్తుంటే, ఒక సీనియర్ ఉద్యోగిని "ముందు సెలవు దొరికేలా చూడండి, జీతం సంగతి తర్వాత" అనేశారు. ఆవిడకి సంఘం అంటే పెద్దగా గౌరవం లేదు, పదవీ లేదు. కానీ ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా ముందు వెళ్లేది ఆవిడ దగ్గరికే. అలాంటి మనిషి ఎవరో తెలుసుకోవడమే సగం పని అని నా అభిప్రాయం.

చార్టు వారం ముందే పెట్టాలని ఒకే ఒక్క కోరికతో వినతిపత్రం రాశాం. మొదటి సంతకం ఎవరిదో తెలియకుండా పేర్లు గుండ్రంగా రాయించాం. తర్వాత భోజన విరామంలో అందరం కలిసి మేనేజర్ గదికి వెళ్లాం. మేనేజ్‌మెంట్ నాలుగు రోజుల ముందు పెట్టడానికి ఒప్పుకుంది. పూర్తి గెలుపేం కాదు. కానీ మేము బద్ధ వ్యతిరేక పార్టీ మనిషి అనుకున్న ఆయనే మిగతావాళ్ల చేత సంతకాలు పెట్టించాడు. ప్రసంగాలతో ఆయన్ని మా వైపు తిప్పడం మా వల్ల అయ్యేది కాదు.

పార్టీ చేయాల్సింది ఇలాంటి పనికి చట్టంలో చోటు ఇవ్వడం. స్వీడన్లో 2023 అక్టోబరులో ఐఎఫ్ మెటల్ అనే కార్మిక సంఘం టెస్లా కార్ల కంపెనీ వర్క్‌షాపుల్లో సమ్మెకి దిగితే, రేవు కార్మికులు ఆ కార్లు దించలేదు, పోస్టల్ ఉద్యోగులు నంబర్ ప్లేట్లు చేరవేయలేదు. అక్కడ ఇలాంటి సానుభూతి సమ్మె, అంటే వేరేవాళ్ల సమ్మెకి మద్దతుగా పని ఆపడం, చట్టబద్ధం. బ్రిటన్లో కన్సర్వేటివ్ ప్రధాని థాచర్ కాలం చట్టాలు దాన్ని నిషేధించాయి. 1997 నుంచి 2010 దాకా అధికారంలో ఉన్న లేబర్ ఆ నిషేధాన్ని ముట్టుకోలేదు. సొంత పునాదిని కూల్చే చట్టాన్ని పదమూడేళ్లు అలాగే ఉంచుకున్న పార్టీ, జనం దూరమయ్యారని ఆశ్చర్యపోతే ఏమనాలి?

అమెరికాలో కథ ఇంకోలా నడిచింది. 2012 నవంబరులో న్యూయార్క్ ఫాస్ట్‌ఫుడ్ కార్మికులు గంటకి 15 డాలర్లు, దాంతోపాటు యూనియన్ కావాలని పని ఆపారు. 2016లో న్యూయార్క్, కాలిఫోర్నియా రాష్ట్రాలు దశలవారీగా 15 డాలర్లకి చట్టాలు చేశాయి. యూనియన్ మాత్రం చాలాచోట్ల రాలేదు. 2023 సెప్టెంబరులో బైడెన్ స్వయంగా సమ్మెలో ఉన్న కార్ల ఫ్యాక్టరీ కార్మికుల పికెట్ లైన్‌కి (గేటు ముందు వాళ్లు నిరసనగా నిలబడే చోటుకి) వెళ్లారు, పదవిలో ఉన్న అధ్యక్షుడు అలా వెళ్లడం అదే మొదటిసారి. మంచిదే. కానీ ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకి 7.25 డాలర్ల దగ్గరే ఉంది.

ఇప్పుడు ఎక్కువ ఆశ కనిపించేది యాప్ పనివాళ్ల విషయంలో. వీళ్లకి గేటూ లేదు, భోజన విరామమూ లేదు, షిఫ్టు ఇచ్చేది అల్గారిథం. స్పెయిన్లో సోషలిస్టుల నాయకత్వంలోని సంకీర్ణ ప్రభుత్వం 2021లో తెచ్చిన రైడర్ చట్టం డెలివరీ చేసేవాళ్లని ఉద్యోగులుగానే చూడాలంది. దాంతోపాటు ఆ అల్గారిథం ఏ నియమాల మీద నడుస్తుందో కార్మిక ప్రతినిధులకు చెప్పి తీరాలంది. మొదటి సగం గురించే పత్రికలు ఎక్కువ రాశాయి. నాకు రెండోదే ముఖ్యం. షిఫ్టు ఎలా వేస్తున్నారో తెలిస్తేనే కదా, నలుగురూ కలిసి "ఇది మార్చండి" అని అడగగలిగేది.