పొక్కులు మానినా వైరస్ పోదు

ప్రశ్న: మా బాబుకి రెండున్నరేళ్లు, 12 కిలోలు. రెండ్రోజులు జ్వరం వచ్చాక అరచేతుల్లో, అరికాళ్లలో, పిర్రల మీద ఎర్రగా పొక్కులు లేచాయి. నోట్లో పుళ్లు, అన్నం ముట్టడం లేదు. అత్తగారు ఆటలమ్మ అంటున్నారు. మందుల షాపులో ఎసైక్లోవిర్ ఇచ్చారు. వెయ్యమంటారా?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది హ్యాండ్ ఫుట్ మౌత్ జబ్బులా ఉంది. పిల్లల డాక్టరుకి ఒకసారి చూపించి ఖాయం చేసుకోండి. ఆటలమ్మ ఎక్కువగా పొట్ట, వీపు, ముఖం మీద మొదలై దురద పెడుతుంది. విడతలుగా వస్తుంది కాబట్టి కొత్త పొక్కూ, నీటి పొక్కూ, ఎండిన పొక్కూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఎసైక్లోవిర్ పనిచేసేది ఆటలమ్మ, హెర్పిస్ వైరస్‌ల మీద. ఈ జబ్బు తెచ్చేవి కాక్సాకీ ఎ16, ఎ6, ఎంటెరోవైరస్ 71 వంటివి. వాటికి ఆ మందుతో పని లేదు, వెయ్యకండి. 2022 మేలో కేరళలోని కొల్లంలో మొదలై ‘టమాటా ఫ్లూ’ అంటూ కంగారు పెట్టిన జబ్బు కూడా చాలావరకు ఇదే. కేరళ వెళ్లి బ్రిటన్‌కి తిరిగొచ్చిన ఇద్దరు పిల్లల్లో దొరికింది కాక్సాకీ ఎ16.

జ్వరానికీ నొప్పికీ పారాసిటమాల్ చాలు. కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన బాబుకి ఒక మోతాదు 180. పొరపాటు జరిగేది సీసా దగ్గరే. 5 మి.లీ.లో 125 ఉన్న సిరప్ అయితే 7 మి.లీ., 250 ఉన్నదైతే మూడున్నర. ఆరు గంటల ఎడం ఉండాలి, రోజుకి నాలుగుసార్లు దాటకూడదు. ఆస్పిరిన్ వద్దే వద్దు.

అన్నం నాలుగు రోజులు తినకపోయినా కోలుకుంటాడు, నీళ్లు తగ్గితేనే ప్రమాదం. మందు వేసిన అరగంటకి, నొప్పి తగ్గాక, చల్లటి పాలు, మజ్జిగ, పెరుగన్నం పెట్టండి. రోజు మొత్తంలో లీటరు దాకా ద్రవాలు పోవాలి. గ్లాసు వద్దంటే చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. పులుపు, కారం పుళ్లను మండిస్తాయి. ఎనిమిది గంటలు మూత్రం పోయకపోయినా, జ్వరం మూడు రోజులు దాటినా, వాంతులు ఆగకపోయినా ఆస్పత్రికి తీసుకెళ్లండి. నిద్రలో ఉలిక్కిపడినట్టు పదేపదే అదురుతున్నా, నడక తూలినా, ఊపిరి వేగంగా తీస్తున్నా మాత్రం రాత్రయినా ఆగొద్దు. అవి మెదడుకో గుండెకో సోకిన గుర్తులు కావచ్చు. అరుదే, కానీ ఎంటెరోవైరస్ 71తో ముఖ్యంగా భయం దీనికే.

ప్రశ్న: మా ప్లేస్కూల్లో గంటగంటకీ శానిటైజర్ రాయిస్తున్నాం. అయినా ఐదుగురికి హ్యాండ్ ఫుట్ మౌత్ జబ్బు వచ్చింది. ఎన్నాళ్లు మూసెయ్యాలి?
– నిర్వాహకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు శానిటైజర్ మీద భరోసా మానండి. ఆల్కహాల్ కరిగించేది వైరస్ చుట్టూ ఉండే కొవ్వు పొరని. కోవిడ్ వైరస్‌కి ఆ పొర ఉంది, ఈ జబ్బు తెచ్చే వైరస్‌లకి లేదు. సబ్బు పెట్టి పారే నీటిలో 20 సెకన్లు రుద్ది కడగాలి. పిల్లల కన్నా ముందు ఆయమ్మల చేతులు. డైపర్ మార్చిన చేత్తోనే టిఫిన్ డబ్బా తెరిస్తే మీ కష్టమంతా వృథా.

బొమ్మలు, బల్లలు, గడియలు, కుళాయి పిడులు మొదట సబ్బునీళ్లతో కడగాలి. మురికి ఉంటే క్లోరిన్ దానికే ఖర్చయిపోతుంది. తర్వాత లీటరు నీళ్లకి 3 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ కలిపి, పైన తేరిన నీటితో తడిపి పది నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో కడగండి. ఏ రోజుది ఆ రోజే కలపాలి. ఎన్నాళ్ల నుంచో మూత తీసి ఉన్న పౌడర్లో మిగిలేది సున్నమే. బాత్రూం యాసిడ్‌తో మాత్రం కలపకండి, విషవాయువు వస్తుంది.

ఇక మూసివేత. వైరస్ సోకిన మూడు నుంచి ఆరు రోజులకి జ్వరం వస్తుంది. మొదటి బిడ్డకి పొక్కు కనిపించేసరికే పక్కన ఆడుకున్నవాళ్లకి అంటి ఉండొచ్చు. అందుకే రెండ్రోజుల సెలవు వల్ల ఒరిగేదేమీ లేదు. జబ్బు పడ్డ పిల్లల్ని జ్వరం మందు లేకుండా తగ్గి 24 గంటలయ్యేదాకా, చొంగ ఆగి పొక్కులు ఎండేదాకా ఇంట్లో ఉంచమనండి. సాధారణంగా వారం పడుతుంది. అయితే గొంతులో ఒకటి నుంచి మూడు వారాలు, మలంలో ఎన్నో వారాలు వైరస్ ఉంటుంది. అన్నాళ్లు ఏ బడీ ఆపలేదు. కాబట్టి తిరిగొచ్చిన బిడ్డ డైపర్ దగ్గరే నెలకి పైగా జాగ్రత్త కావాలి. లక్షణాలేమీ లేని పెద్దలు కూడా అంటించగలరు.

ప్రశ్న: పాపకి జబ్బు తగ్గిన నెలకి గోళ్లు ఊడుతున్నాయి. కాల్షియం లోపమా? మళ్లీ వస్తుందా? టీకా ఉందా? ఆవుల నుంచి వచ్చిందా?
– పాఠకుడు, తెనాలి

జవాబు: కాల్షియం కాదు. ముఖ్యంగా కాక్సాకీ ఎ6 సోకాక మూడు నుంచి ఎనిమిది వారాలకి గోళ్లు ఇలా ఊడతాయి. నొప్పి ఉండదు, కొత్తవి వాటంతటవే వస్తాయి. లాగకండి. ఒక వైరస్‌తో వచ్చిన రక్షణ ఇంకోదానికి సరిపోదు కనుక జబ్బు మళ్లీ రావచ్చు. చైనాలో 2015 డిసెంబరులో అనుమతి పొందిన టీకా ఎంటెరోవైరస్ 71కి మాత్రమే, కాక్సాకీలను ఆపదు. మన జాతీయ టీకాల పట్టికలో అది లేదు. ఇంగ్లిషులో ‘ఫుట్ అండ్ మౌత్’ అని పేరు దగ్గరగా ఉన్నా, పశువుల గాలికుంటు వైరస్ వేరు. ఆవుల జోలికి పోనక్కర్లేదు.