వంటింటి కిటికీకి ఏ పరదా?

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండలో అపార్ట్‌మెంట్, మొదటి అంతస్తు. వంటింటి కిటికీ పడమర వైపు. నాలుగు ఫీట్ల వెడల్పు, మూడున్నర ఫీట్ల ఎత్తు, జరిపే అద్దాలు రెండు. గ్యాస్ పొయ్యి కుడి సగం కిందికి వస్తుంది. పక్క బిల్డింగ్ మెట్లు ఆరు ఫీట్ల దూరంలోనే ఉన్నాయి. ఎక్కేవాళ్లకు, దిగేవాళ్లకు మా వంటిల్లంతా కనిపిస్తుంది. అత్తమ్మ కిటికీ మూసేయమంటుంది. మూస్తే ఉక్కపోతతో నిలబడలేకపోతున్నాను. మెరిసే నెట్ పరదాలు నచ్చాయి. వరంగల్ కొత్తవాడ జంపఖానా ముక్క వేలాడదీసినా బాగుంటుందేమో అనిపిస్తోంది. ఏది మేలు?
– ఒక చెల్లి, హనుమకొండ

జవాబు: చెల్లెమ్మా, కిటికీ మాత్రం మూయకు. మేలో మన దగ్గర ఎండ 43, 44 డిగ్రీల దాకా పోతుంది. దానికి పొయ్యి వేడి తోడైతే వంట చేసే మనిషి ఏం కావాలి? అట్లని అత్తమ్మ మాట తీసేసేది కాదు, చాటు కూడా కావాలి.

నెట్ పరదా వద్దే వద్దు. అవి ఎక్కువగా పాలిస్టర్. చాలా ఏళ్ల కింద నేనూ అలాంటిదే కట్టాను. సంక్రాంతికి సకినాలు కాలుస్తుంటే గాలికి ఎగిరి బర్నర్ మీద పడింది. పాలిస్టర్ అంటుకుంటే కరుగుతుంది, కరిగింది చర్మానికి అతుక్కుంటుంది. నా ఎడమ మణికట్టు మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నూలు బట్ట కూడా కాలుతుంది, కాకపోతే అలా కరిగి అతుక్కోదు. అందుకే ఏ బట్టయినా పొయ్యికి ఎదురుగా ఉండొద్దు.

కొత్తవాడ జంపఖానాలంటే నాకు ప్రాణం. 2018లో వరంగల్ దరీలకు, అంటే ఈ జంపఖానాలకే, భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిందని తెలిసి ఎంత సంతోషపడ్డానో. కానీ అది నేల మీద పరుచుకునే దళసరి నేత. పోపు పొగ, నూనె జిడ్డు పట్టిందంటే ఉతకడం కష్టం, తొందరగా ఆరదు, గాలినీ ఆపుతుంది. దాన్ని హాల్లో పరుచుకో.

నీ కిటికీలోనే ఉపాయం ఉంది. జరిపే అద్దాలు కాబట్టి ఎంత తెరిచినా ఒక సగానికి అద్దం ఉండనే ఉంటుంది. రెండు అద్దాలనూ పొయ్యి వైపు, అంటే కుడికి జరిపి ఉంచు. ఆ అద్దానికి పాలరంగు స్టిక్కర్ అంటించు. వెలుతురు వస్తుంది, మనిషి పోల్చుకోలేరు, జిడ్డు పడితే తడిబట్టతో తుడిస్తే పోతుంది. రాత్రి లైటు వేస్తే నీడ మాత్రం కనిపిస్తుంది. పొయ్యి మంట కూడా గాలికి రెపరెపలాడదు. ఎడమ సగం తెరిచి, దోమల జాలి పెట్టి, అక్కడ మాత్రం నూలు పరదా కట్టు.

ఆ పరదా కింది సగానికి సరిపోతుందా, ఇంకా పైకి కావాలా అనేది ఊహించుకోకు. మీ ఆయనను ఆ మెట్లు ఎక్కమని, నువ్వు లోపల నిలబడు. పై మెట్టు నుంచి కూడా నువ్వు కనిపించని ఎత్తు దగ్గర గోడకు బొట్టుబిళ్ల అంటించు. రాడ్ అక్కడికి రావాలి. పైన ఖాళీ వదిలితే వేడి గాలి బయటికి పోతుంది.

తెరిచిన సగం రెండు ఫీట్లే కాబట్టి, కుచ్చులకు మూడు, నాలుగు ఫీట్ల పన్నా ఉన్న చేనేత బట్ట చాలు, అతుకు పడదు. కుట్టించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయి. నూలు మొదటి ఉతుకులోనే కుంచించుకుపోతుంది. చాలామంది ఇది మరిచిపోయి, పొట్టిదైపోయిందని టైలర్‌ను తిడతారు. కింది అంచుకు కూడా గొట్టంలా మడత కుట్టించి ఇంకో సన్న రాడ్ దూర్చు. అప్పుడు గాలికి ఎగరదు. రెండు జతలు కుట్టించుకుంటే ఒకటి ఉతుకులో ఉన్నప్పుడు ఇంకోటి ఉంటుంది.

రంగు నీ ఇష్టం. నన్నడిగితే పసుపు, లేత ఆకుపచ్చ గళ్లు. తెల్లది పసుపు మరకను దాచదు, ముదురు రంగు పడమటి ఎండకు వెలిసిపోతుంది. బట్ట కొనేటప్పుడు అత్తమ్మను కూడా తీసుకెళ్లు.

పై రాడ్ కొక్కేల్లోంచి చేత్తో ఎత్తగానే వచ్చేలా పెట్టించు. సకినాలు కాల్చే రోజు పొద్దున్నే పరదా తీసి లోపల పెట్టేయాలి.