కోళ్ల డాక్టరా అని నవ్వితే నవ్వనివ్వండి

ప్రశ్న: మాది పొందూరు దగ్గర పల్లె. రెండు బ్రాయిలర్ షెడ్లున్నాయి. అమ్మాయి ఇంటర్ బైపీసీ అయింది. నీట్‌లో ఎంబీబీఎస్‌కు సరిపడా ర్యాంకు రాలేదు. గరివిడి పశువైద్య కళాశాలలో చేరి, తర్వాత కోళ్ల జబ్బుల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. చుట్టాలు ‘కోళ్ల డాక్టరా!’ అని నవ్వుతున్నారు. లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పంపమంటారా? – ఒక తండ్రి

జవాబు: చుట్టాల సంగతి వదిలేయండి. షెడ్డులో కొక్కెర తెగులు (కోళ్లను చంపే వైరస్ జబ్బు) పడితే వాళ్లొచ్చి మీ అప్పు తీర్చరు కదా! లాంగ్‌టర్మ్ ఎప్పుడంటే, ఎంబీబీఎస్ కావాలని అమ్మాయే పట్టుబట్టినప్పుడు. ఆమె మనసు ఇంకోచోట ఉంటే ఏడాదీ పోతుంది, డబ్బూ పోతుంది.

నాకున్న సందేహం వేరే. ఈ చదువులో చచ్చిన కోడిని కోసి చూడటం రోజువారీ పని. కొక్కెరతో పోయిన కోడిలో చాలాసార్లు కందనకాయకు ముందుండే సంచి లోపలి గోడ మీద ఎర్రటి రక్తపు చుక్కలు కనిపిస్తాయి. గంబోరో అనే ఇంకో వైరస్ జబ్బయితే తొడ కండలో రక్తపు చారలు, తోక దగ్గర లోపలుండే చిన్న సంచికి వాపు. ఒకసారి ఓ విద్యార్థినితో కలిసి పోస్టుమార్టం గదికి వెళ్లాను. వాసనకు నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆ పిల్ల మాత్రం బల్ల మీదికి వంగి, ‘సార్, ఈ పేగు ఇలా ఎందుకుంది?’ అని అడుగుతోంది. మీ అమ్మాయి ఈ ఇద్దరిలో ఎవరిలాంటిదో ముందు తేలాలి.

ఇక దారి. గరివిడి కళాశాల తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందిది. బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) సీటుకూ నీట్ ర్యాంకే చూస్తారు కాబట్టి ఆమె రాసిన పరీక్ష వృథా కాలేదు. కోర్సు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. ఆ తర్వాత మైక్రోబయాలజీలోనో, పెథాలజీలోనో, పౌల్ట్రీ సైన్స్‌లోనో ఎంవీఎస్సీ (పీజీ) రెండేళ్లు. ఆపైన పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు. అంతా అయ్యేసరికి ముప్పై దగ్గర పడుతుంది. మధ్యలో పెళ్లి మాటలతో ఆపనని ఇప్పుడే మాటివ్వగలరా?

రీసెర్చ్ అంటే తెల్లకోటు, మైక్రోస్కోపు మాత్రమే అనుకోకండి. కొక్కెర టీకా మనకు కొత్త కాదు. అయినా పెరటికోళ్లు ఎందుకు చస్తున్నాయి? ఒక సీసాలో వంద డోసులో అంతకంటే ఎక్కువో ఉంటాయి, ఇంట్లో చూస్తే పది కోళ్లు. కలిపిన మందు కాసేపటికే పనికిరాకుండా పోతుంది. ఊళ్లో పదిళ్లవాళ్లు ఒకే పొద్దున కోళ్లను గంపల కింద మూసి ఉంచితేగానీ ఆ సీసాకు న్యాయం జరగదు. ఇక దుకాణం నుంచి ఐసు లేకుండా ఎండలో తెచ్చినా, క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్లలో కలిపినా టీకాలో బతికుండాల్సిన వైరస్ చచ్చిపోతుంది, టీకా పనిచేయదు. క్లోరిన్ దెబ్బ తగలకుండా తాగించే నీళ్లలో ముందు కొంచెం వెన్న తీసిన పాలపొడి కలుపుతారు. పల్లెకోళ్ల కోసమని వేడికి కొంత ఓర్చుకునే టీకాను ఆస్ట్రేలియాలో తయారుచేశారు. ఇలాంటి చిక్కులన్నీ ల్యాబుకూ కళ్లానికీ మధ్య ఉన్నాయి. షెడ్ల మధ్య పెరిగిన పిల్లకు ఇవి పట్నం పిల్లల కంటే తొందరగా అర్థమవుతాయి.

ఉద్యోగాల విషయం దాచను. విశ్వవిద్యాలయాల్లో పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో చెప్పలేం. కానీ చేతిలో బీవీఎస్సీ ఉంటే ప్రభుత్వ పశువైద్యురాలు కావచ్చు. హేచరీలు, దాణా, టీకా కంపెనీలూ తీసుకుంటాయి. రీసెర్చ్ కుదరకపోయినా తిండికి లోటుండదు.

కౌన్సెలింగ్‌కు ముందు ఒకరోజు ఇద్దరూ పాసింజరెక్కి గరివిడిలో దిగండి. అనుమతి అడిగి పోస్టుమార్టం చూపించండి. అంతవరకు ఇంట్లో ప్రయోగాలు వద్దు. ముఖ్యంగా షెడ్డులో కోళ్లు ఒక్కసారిగా గుట్టలుగా పోతే ఆమెను కత్తి ముట్టనివ్వకండి, వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేయండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు అలా చచ్చినప్పుడు, అది బర్డ్ ఫ్లూ అని భోపాల్‌లోని పశువ్యాధుల ల్యాబు తేల్చింది. అలాంటి అనుమానం ఉన్నప్పుడు పని తెలిసిన డాక్టరైనా షెడ్డు దగ్గర కోడిని కోయడు.