మడత చాకు బ్లేడు ఊగుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా నాన్నగారి పాత మడత చాకు, ఇత్తడి అంచు, చెక్క పిడి. బ్లేడు తెరిస్తే అటూ ఇటూ ఊగుతోంది, స్క్రూ ఎక్కడా లేదు. ఎలా బిగించాలండీ? – ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పాత చాకులకి మామూలుగా స్క్రూ ఉండదండీ, రివిట్టే, అంటే రెండు చివర్లూ సుత్తితో కొట్టి బిగించే లోహపు మేకు. ఇత్తడి అంచులో ఇత్తడి రివిట్టు కొట్టి పైన అరగదీసేస్తారు కాబట్టి కళ్ళకి ఆనదు, వెలుతురులో ఏటవాలుగా తిప్పితే సన్నటి గుండ్రటి గీత కనపడుద్ది.

ముందు కిరోసిన్‌లో ముంచి పాత టూత్‌బ్రష్‌తో లోపలి మట్టి తీసేయండి, ఆరాక చూడండి. పక్కలకి ఊగితే రివిట్టు లూజు, కిందకీ పైకీ ఆడితే మాత్రం స్ప్రింగో బ్లేడు మొదలో అరిగినట్టు, దానికి సుత్తి పనికిరాదు, చాకులు చేసేవాళ్ళకే చూపించాలి.

రివిట్టు లూజైతే పదునుకి టేపు చుట్టి, రివిట్టు ఒక చివర గట్టి ఇనప దిమ్మ మీద ఆన్చి, రెండో చివర చిన్న బాల్‌పీన్ సుత్తి గుండ్రటి వైపుతో మెల్లగా, మధ్యలోంచి అంచులకి, అటో నాలుగు ఇటో నాలుగు దెబ్బలు వేస్తూ ప్రతిసారీ తెరిచి మూసి చూసుకోండి, ఒక్కసారి బాదేస్తే బిగుసుకుపోద్ది. కూల్‌డ్రింక్ టిన్ను రేకుని గాడి కోసి రివిట్టుకి అటూఇటూ వచ్చేలా బ్లేడు పక్కన దూర్చి కొట్టి, తర్వాత లాగేస్తే ఆ మాత్రం సందు మిగులుద్ది, ఇది భలే పనిచేస్తది. చెక్క మీద దెబ్బ పడకూడదు, పగులుద్ది.

వెల్డింగ్ షాపుకి మాత్రం తీసుకెళ్ళకండి బాబూ, వేడికి బ్లేడు పదును నిలవదు. చివర్లో కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క.