తుల్సా గన్ షోలో చౌక బేరం: హెచ్-1బి మీద ఉన్నవారి కోసం బావగారు కొనిపెట్టవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, నేను డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద పనిచేస్తున్నాను. కంపెనీ వేసిన గ్రీన్ కార్డు పిటిషన్, ఐ-140, అప్రూవ్ అయింది, గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నాను. ఈమధ్య మా కాలనీలో రెండు ఇళ్లలో దొంగలు పడి బంగారం ఎత్తుకెళ్లారు. నేను ఆఫీసు పని మీద ఊరు వెళితే నా భార్య, పాప ఇంట్లో ఒంటరిగా ఉంటారు. మా అక్క భర్త, బావగారు, అమెరికన్ సిటిజన్. ప్లేనోలో ఉంటారు. నవంబర్‌లో ఓక్లహోమాలోని తుల్సాలో పెద్ద గన్ షో జరుగుతుందని, ఆఖరి రోజు మధ్యాహ్నం వెళితే షాపు ధరలో సగానికే పిస్టల్ దొరుకుతుందని, ప్రైవేటు టేబుళ్ల దగ్గర కాగితాల గొడవే ఉండదని ఆయన అంటున్నారు. "నా పేరు మీద కొంటాను, డబ్బులు నువ్వు పంపు" అన్నారు. ఇందులో చట్టపరంగా ఇబ్బంది ఏమైనా ఉందా?
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: చాలా ఇబ్బంది ఉంది. ఆ డబ్బు పంపకండి. పంపేసి ఉంటే ఈరోజే వెనక్కి తీసుకోండి. మీ బావగారు మీ కుటుంబం మీద ప్రేమతోనే అన్నారు, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆయన చెప్పిన పద్ధతిలో కొంటే మీరు, ఆయన ఇద్దరూ ఫెడరల్ నేరంలో ఇరుక్కుంటారు.

ముందు మీ వీసా సంగతి చూద్దాం. నాన్-ఇమిగ్రెంట్ వీసా, అంటే తాత్కాలిక వీసా, మీద అమెరికాలో ప్రవేశించిన వ్యక్తి తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం 18వ టైటిల్, సెక్షన్ 922(జి)(5)(బి) చెబుతోంది. ఈ నిబంధన 1998లో వచ్చింది. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, మన అమ్మానాన్నలు వచ్చే విజిటర్ వీసా అన్నీ దీని కిందికే వస్తాయి. మనవాళ్లు చాలామంది దీన్ని "కొనకూడదు" అన్నట్టుగా మాత్రమే అర్థం చేసుకుంటున్నారు. చట్టంలో ఉన్నది కలిగి ఉండటం. ఎవరు కొన్నా, ఎవరి పేరు మీద బిల్లు ఉన్నా, అది మీ బీరువాలో ఉంటే మీ అధీనంలో ఉన్నట్టే. తుపాకీ లేకుండా ఉత్త తూటాల డబ్బా ఉన్నా నేరమే. శిక్ష 2022 వరకు గరిష్ఠంగా పదేళ్లు, ఇప్పుడు పదిహేనేళ్లు.

ఐ-140 అప్రూవల్ వల్ల ఇందులో ఏమీ మారదు. గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485 వేసి, పని అనుమతి ఇచ్చే ఈఏడీ కార్డు చేతికొచ్చినా గ్రీన్ కార్డు వచ్చినట్టు కాదు. అసలు కార్డు వచ్చేదాకా మీకు ఈ నిషేధం ఉన్నట్టే నడుచుకోండి. గ్రీన్ కార్డు వచ్చాక మామూలుగా కొనుక్కోవచ్చు. ఒకప్పుడు తామున్న రాష్ట్రంలో 90 రోజులు నివాసం చూపించాల్సి వచ్చేది, 2012లో అదీ తీసేశారు.

షూటింగ్ రేంజికి సరదాగా వెళ్లేవారు కూడా ఈ భాగం జాగ్రత్తగా చదవాలి. రెహైఫ్ అనే యువకుడు స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడాకు వచ్చాడు. మార్కులు తగ్గి యూనివర్సిటీ తీసేసింది, దాంతో స్టేటస్ పోయింది. ఆ తర్వాత అతను రేంజికి వెళ్లి తుపాకీ కాల్చాడు. కేసు పెట్టారు, 18 నెలల శిక్ష పడింది. 2019లో సుప్రీంకోర్టు ఆ శిక్షను పక్కన పెట్టింది. నిందితుడు తుపాకీ పట్టుకున్నాడని చూపిస్తే చాలదు, తాను నిషేధిత వర్గంలో ఉన్నానన్న సంగతి అతనికి తెలుసని కూడా ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి అంది. కొందరు ఈ తీర్పు చూసి ధైర్యం తెచ్చుకుంటున్నారు. మీకు అది పనికిరాదు. మీరు హెచ్-1బి మీద ఉన్నారని మీకు తెలుసు. ఆ వీసాకు ఈ నిషేధం ఉందని నాకు తెలియదు అన్న వాదన ఆ తీర్పు కింద నిలబడదు.

ఇక "కాగితాల గొడవ ఉండదు" అన్న మాట. ఇది సగం నిజం. గన్ షోలో రెండు రకాల వాళ్లు టేబుళ్లు వేస్తారు. ఫెడరల్ లైసెన్సు ఉన్న డీలర్ తన షాపులో అమ్మినా, షోలో అమ్మినా తేడా లేదు. కొనేవారి చేత ఫెడరల్ ఫారం 4473 నింపించి, ఎఫ్‌బీఐ నడిపే నిక్స్ వ్యవస్థలో వారికి నిషేధం ఏమైనా ఉందేమో తనిఖీ చేయించాకే ఇవ్వాలి. ఆ ఫారంలో నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చారా అని ప్రత్యేకంగా అడుగుతారు. రెండో రకం, సొంత తుపాకులు అమ్ముకునే మామూలు మనుషులు. వాళ్లు తనిఖీ చేయించాలని ఫెడరల్ చట్టంలో లేదు, టెక్సస్, ఓక్లహోమా చట్టాల్లోనూ లేదు. కాలిఫోర్నియా, కొలరాడో, న్యూయార్క్ వంటి రాష్ట్రాల్లో ప్రైవేటు అమ్మకానికి కూడా తనిఖీ తప్పనిసరి. కాగితం అడగలేదు కాబట్టి అమ్మకం చట్టబద్ధం అనుకోవడమే మనవాళ్లు చేస్తున్న పొరపాటు. ఫారం ఉన్నా లేకపోయినా మీ మీద నిషేధం మీతోనే ఉంటుంది.

మీ బావగారి విషయంలో నాకు అన్నిటికంటే భయం వేస్తున్నది ఆ సంతకం. ఫారం 4473లో మొట్టమొదటి ప్రశ్నల్లో ఒకటి: ఈ తుపాకీకి అసలు కొనుగోలుదారు మీరేనా? డబ్బు మీది, తుపాకీ మీ కోసం, అయినా ఆయన "అవును" అని సంతకం పెడితే అది అబద్ధపు వాంగ్మూలం. అబ్రామ్‌స్కీ కేసు అచ్చం చౌక బేరం దగ్గరే మొదలైంది. ఆయన వర్జీనియాలో మాజీ పోలీసు. పెన్సిల్వేనియాలో ఉండే అంకుల్‌కు గ్లాక్ 19 పిస్టల్ కావాలి. పోలీసులకిచ్చే డిస్కౌంటు తనకు వస్తుంది కదా అని తానే కొనిస్తానన్నాడు. ఆ అంకుల్ 400 డాలర్ల చెక్కు పంపుతూ, చెక్కు మీదే "గ్లాక్ 19" అని రాశాడు. వీళ్లిద్దరిలో ఎవరికీ ఏ నిషేధమూ లేదు. తర్వాత తుపాకీని పెన్సిల్వేనియాలో లైసెన్సున్న డీలర్ ద్వారానే అప్పగించారు. అయినా ఫారంలో అసలు కొనుగోలుదారు నేనే అన్నందుకు అబ్రామ్‌స్కీ దోషి అయ్యాడు. 2014లో సుప్రీంకోర్టు 5-4తో ఆ శిక్షను ఖాయం చేసింది. కొనే అర్హత ఉన్న అంకుల్ విషయంలోనే అలా జరిగింది. మీకైతే ఆ అర్హతే లేదు. పైగా 2022 చట్టంతో సెక్షన్ 932 వచ్చింది. నిషేధం ఉన్న మనిషి కోసమని తెలిసి వేరొకరు కొంటే పదిహేనేళ్ల వరకు శిక్ష. ప్రైవేటు టేబుల్ దగ్గర ఫారం లేకుండా కొన్నా ఈ సెక్షన్ వర్తిస్తుంది. మీరు జెల్ (Zelle) యాప్‌లో పంపే డబ్బు, దాని కింద రాసే నాలుగు అక్షరాలు, వాట్సాప్‌లో "బావా, అది తీసుకో" అన్న మెసేజ్, ఇవే సాక్ష్యం అవుతాయి.

"పోనీ ఆయన సొంత డబ్బుతో కొని బహుమతిగా ఇస్తే?" అని కొందరు అడుగుతారు. నిజమైన బహుమతి తప్పు కాదు, తీసుకునేవారికి నిషేధం లేకపోతే. నిషేధం ఉన్నవారికి తెలిసి ఇవ్వడం 922(డి) కింద ఇచ్చినవారి నేరం.

రాష్ట్రం సరిహద్దు గురించి మీ బావగారు ఆలోచించినట్టు లేదు. ఈ భాగం ఆయన తన కోసం కొనుక్కోవడానికి వెళ్లినా వర్తిస్తుంది, కాబట్టి ఆయనకు చదివి వినిపించండి. తుల్సా షో చాలా పెద్దది, దూరాల నుంచి జనం వస్తారు. టెక్సస్‌లో ఉండేవారికి ఓక్లహోమా ప్రైవేటు మనిషి అక్కడికక్కడ తుపాకీ అమ్మకూడదు, కొన్నవారు దాన్ని టెక్సస్‌కు తెచ్చుకోకూడదు. లైసెన్సున్న డీలర్ దగ్గరైతే రైఫిలు, షాట్‌గన్ కొనుక్కుని తెచ్చుకోవచ్చు. పిస్టల్ అలా కుదరదు. ఆ డీలర్ దాన్ని టెక్సస్‌లోని ఇంకో డీలర్‌కు పంపాలి, ఫారం 4473 ఇక్కడ నింపాలి. అంటే షోలో తగ్గిన డబ్బులోంచి షిప్పింగ్, ఇక్కడి డీలర్ ఫీజు, రానూపోనూ ఎనిమిది గంటల పెట్రోలు తీసేయాలి. కొత్త పిస్టళ్ల ధర షోలోనూ షాపులోనూ పెద్ద తేడా ఉండదు. ఆఖరి రోజు మధ్యాహ్నం సరుకు తిరిగి మోసుకెళ్లడం ఇష్టం లేక తగ్గించేది ఎక్కువగా వాడినవాటికి, తోళ్ల సంచులకు, తూటాల డబ్బాలకు. తన కోసం కొనుక్కునే సిటిజన్‌కు ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో దొరికే ధరే చివరికి నయంగా తేలవచ్చు. బయల్దేరే ముందు ఈ లెక్క వేసుకోమనండి.

సగం ధర అన్నప్పుడు ఇంకో సంగతి కూడా చూడాలి. మార్కెట్లో ఎక్కడా లేని ధరకు, బిల్లు రాయను, గుర్తింపు కార్డు చూపించను, నగదే ఇవ్వు అంటే అది దొంగ సరుకు కావచ్చు. దొంగిలించినదని తెలిసి కొనడమే కాదు, అలా అనుమానించడానికి తగిన కారణం ఉండి కొన్నా 922(జె) కింద నేరం. తెలియక కొన్నా తుపాకీ పోలీసులు తీసుకుపోతారు, డబ్బు తిరిగి రాదు. సీరియల్ నంబర్ గీకేసి ఉంటే ముట్టుకోవద్దు. 1968కి ముందు తయారైన కొన్నిటికి అసలు నంబరే ఉండదు, అది వేరు. గొట్టం పొడవు కూడా చూడాలి. రైఫిలుకు 16 అంగుళాలు, షాట్‌గన్‌కు 18 అంగుళాలు, అంతకంటే తక్కువైతే 1934 నాటి నేషనల్ ఫైరార్మ్స్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. ఎవరో ఇంట్లో కోసి పొట్టి చేసిన షాట్‌గన్ చౌకగా కనిపిస్తే అది చౌక సరుకు కాదు, కొత్త కేసు. మంచి అమ్మకందారు కొనేవారి డ్రైవింగ్ లైసెన్సు చూస్తాడు, తుపాకీ వెంట పెట్టుకునే టెక్సస్ క్యారీ లైసెన్సు ఉందా అని అడుగుతాడు, రెండు కాపీల్లో బిల్లు రాసి సంతకాలు తీసుకుంటాడు. మీ బావగారు ఎప్పుడు కొనుక్కున్నా అలాంటి మనిషి దగ్గరే కొనమనండి.

చౌకగా కొని, నాలుగు డాలర్లు వేసుకుని, మన తెలుగు గ్రూపుల్లో పరిచయస్తులకు అమ్మే అలవాటు కూడా కొందరిలో చూస్తున్నాను. లాభం కోసం పదేపదే అలా చేస్తే లైసెన్సు లేని వ్యాపారం అవుతుంది. 2022లో ఆ నిర్వచనాన్ని ఇంకా బిగించారు.

ఇప్పుడు మీ వీసా మీద చట్టం తెరిచి ఉంచిన దారి చెప్పాలి. రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటు అయ్యే వేట లైసెన్సు దగ్గర ఉన్న నాన్-ఇమిగ్రెంట్‌కు 922(వై)(2) కింద మినహాయింపు ఉంది. హెచ్-1బి మీద ఉన్నవారు టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ దగ్గర ఆ లైసెన్సు తీసుకోవచ్చు, దాన్ని చూపించి డీలర్ దగ్గర ఫారం నింపి తన పేరుతో కొనవచ్చు. ఇది చట్టంలో ఉన్న మాటే, దొడ్డిదారి కాదు. అయినా నా దగ్గరికి వచ్చినవారికి నేను దీన్ని సిఫారసు చేయడం లేదు. టెక్సస్‌లో ఏడాది వేట లైసెన్సు ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1న కొత్తది చేతిలో లేకపోతే బీరువాలో ఉన్న అదే తుపాకీ ఆ రోజు నుంచి నేరం. అంతకంటే పెద్ద భయం లేఆఫ్. ఉద్యోగం పోయాక దొరికేది గరిష్ఠంగా 60 రోజుల గడువు, దేశంలో ఉండేందుకు ఐ-94లో ఇచ్చిన తేదీ అంతకుముందే ముగిస్తే అంతవరకే. అది దాటి స్టేటస్ పోతే మీరు 922(జి)(5)(ఎ) కిందికి వస్తారు, అప్పుడు వేట లైసెన్సు కూడా కాపాడదు. కొత్త ఉద్యోగం కోసం నిద్ర లేకుండా తిరిగే ఆ రోజుల్లో ఇంట్లో తుపాకీ ఉందన్న సంగతి ఎవరికి గుర్తొస్తుంది? తుపాకీ కేసులో శిక్ష పడితే ఇమిగ్రేషన్ చట్టం కింద డిపోర్టేషన్‌కు అది ఒక్కటే చాలు. గ్రీన్ కార్డు ఉన్నవారికీ ఇది వర్తిస్తుంది. ఇన్నేళ్లు మీరు ఎదురుచూసిన వరస అక్కడితో ముగుస్తుంది.

మీ బావగారి సొంత తుపాకీ విషయంలోనూ జాగ్రత్త. ఆయన మీ ఇంటికొచ్చి వారం రోజులు ఉంటే అది ఆయన తాళంలోనే ఉండాలి. మీకు గానీ మీ భార్యకు గానీ ఆ పెట్టె తాళంచెవి, నంబరు తెలియకూడదు. మీరు ఊళ్లో లేనప్పుడు "ఇంట్లో పెట్టి వెళతాను" అంటే వద్దని చెప్పండి.

మీ భయం నిజమైనదే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. బంగారం బ్యాంకు లాకర్‌కు మార్చండి. ఇంట్లో లేనిదాన్ని ఎవరూ ఎత్తుకెళ్లలేరు. అలారం, తలుపుకు గట్టి గడియ, కెమెరా పెట్టండి. ఆత్మరక్షణకు అమ్మే చిన్న పెప్పర్ స్ప్రే టెక్సస్‌లో చట్టబద్ధం, దానికి లైసెన్సు అక్కర్లేదు. పాపకు అందని చోట ఉంచండి.

చివరగా, ఇండియా ప్రయాణం. బావగారితో షోకో రేంజికో వెళ్లి వచ్చిన బ్యాగుతోనే హైదరాబాద్ విమానం ఎక్కవద్దు. మూలలో మిగిలిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కు చిక్కితే ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 25 కింద కేసు పెడతారు. తెలియక ఉండిపోవడం వేరని, తెలిసి కలిగి ఉండటం వేరని సుప్రీంకోర్టు 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. ఆ మాట ఆధారంగా హైకోర్టుకు వెళ్లి కేసు కొట్టేయించుకోవచ్చు. కానీ అప్పటికి మీ సెలవు అయిపోతుంది, వీసా స్టాంపింగ్ ఇంటర్వ్యూలో అరెస్టు గురించి అడిగితే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. సర్దుకునే ముందు ఆ బ్యాగు జేబులన్నీ తిరగేసి దులపండి. వీలైతే రేంజికి వాడిన బ్యాగును ప్రయాణానికి అసలు వాడకండి.