చెత్తలో కెరీర్ ఏముంది అంటున్న తండ్రికి

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో స్థిరపడ్డాం. మా అమ్మాయి కెమికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. సాఫ్ట్‌వేర్ వద్దు, సర్క్యులర్ ఎకానమీలో, అంటే వాడేసిన వస్తువుల్ని పారేయకుండా మళ్లీ వాడకంలోకి తెచ్చే రంగంలో పనిచేస్తానంటోంది. చెత్త చుట్టూ తిరగడానికి ఇంత చదువెందుకని ఇంట్లో అందరికీ టెన్షన్. ఇందులో భవిష్యత్తు ఉందా?

జవాబు: ఉందండీ. మీరు చెత్త అంటున్నది ఇప్పుడు చట్టప్రకారం లెక్క చెప్పాల్సిన సరుకు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం, ఫోన్లు, ఫ్రిజ్‌లు తయారుచేసే కంపెనీలు గతంలో అమ్మి, ఇప్పుడు వాడకకాలం తీరిన సరుకులో ఇంత శాతమని రీసైకిల్ చేయించాలి. మొదటి రెండేళ్లూ 60 శాతం, 2025-26 నుంచి 70, 2027-28 నుంచి 80. బ్యాటరీలకు, ప్లాస్టిక్ ప్యాకింగ్‌కు లక్ష్యాలు వేరే ఉన్నాయి.

ఆ శాతం చేరుకున్నామని కంపెనీ ఊరికే చెబితే చెల్లదు. రిజిస్టరైన రీసైక్లర్ దగ్గర సర్టిఫికెట్లు కొని చూపాలి. రీసైక్లర్‌కు ఆ సర్టిఫికెట్లు బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము ఎంత వెలికితీశాడన్న లెక్కను బట్టి వస్తాయి. పాత మదర్‌బోర్డుల బస్తా యూనిట్‌లోకి వచ్చిందనుకోండి. తూకం ఎంత, పొడి చేశాక ఎంత, రాగి ఎంత తేలింది, యాసిడ్‌లో ఎంత పోయింది? మీ అమ్మాయి చదువుకున్న మెటీరియల్ బ్యాలెన్స్ ఇదే. ఈ లెక్క తప్పితే ఢిల్లీలో పెట్టిన లక్ష్యం ఉత్త కాగితమే. అందుకే ఈ రంగంలో ఆమె చదువుకు విలువ ఉందని గట్టిగా చెబుతున్నాను.

నెదర్లాండ్స్ 2016లోనే, కొత్తగా తవ్వి తీసే ముడిసరుకు వాడకాన్ని 2030కల్లా సగానికి తగ్గిస్తామని ప్రకటించింది. మనం కూడా రీసైక్లింగ్ శాతాల దగ్గరే ఆగిపోకూడదని నా అభిప్రాయం. మీ బెంగళూరులోనే, ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో ఒక ల్యాప్‌టాప్‌ను రిపేరు చేసి ఇంకో మూడేళ్లు వాడేలా చేసినవాడి పని, దాన్ని కరిగించడం కన్నా మేలైనది. ఇలా ముడిసరుకు వాడకాన్నే తగ్గించే లక్ష్యాలు రాయగలిగినవాళ్లు రేపు కావాలి.

మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుల కన్నా తక్కువే ఉండొచ్చు, అది ముందే మనసులో పెట్టుకోండి. ఎంటెక్‌లో మెటలర్జీగానీ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌గానీ చేస్తే దారి ఇంకా తేలికవుతుంది. ఈ సెలవుల్లో ఇంటర్న్‌షిప్ చేయనివ్వండి. చేరేముందు ఆ యూనిట్ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో రిజిస్టరైందో లేదో మీరే చూడండి. షెడ్లలో వైర్లు కాల్చి రాగి తీసేచోటికి మాత్రం పంపకండి, ఆ పొగ ఊపిరితిత్తులకు విషం. చేరాక మొదటి వారం ఆఫీసులో కూర్చోకుండా, లారీలు తూకం వేసేచోట రిజిస్టర్ రాసే పని అడగమనండి.