క్వాడ్ బైక్ లాంచ్‌లో ముందు చక్రాలు లేస్తుంటే: థ్రాటిల్ సంగతి తర్వాత, ముందు క్లచ్ చూడండి

మీ సమస్య ఇదీ: సెకండ్ హ్యాండ్‌లో 450 సీసీ రేసింగ్ క్వాడ్ (మట్టిలో తోలే నాలుగు చక్రాల బైక్) కొన్నారు, శామీర్‌పేట వైపు ప్రైవేట్ ట్రాక్‌లో దోస్తులతో పందెం వేస్తే లాంచ్‌లోనే, అంటే నిలబడ్డ చోటి నుంచి బండి దూకేటప్పుడే, ముందు చక్రాలు లేచిపోతున్నాయి, భయపడి థ్రాటిల్ వదిలితే అందరూ దాటేస్తున్నారు. నేనూ అలాంటి బండే తోలుతాను కాబట్టి నాకు పనికొచ్చినవి చెప్తాను.

ముందుగా ఒక మాట. ముందు చక్రాలు నేలకు గట్టిగా అతుక్కుని ఉండాలని చూడకండి. వాటి మీద బరువు ఇంకా బాగా ఉందంటే, పట్టున్న నేల మీద మీ బండి ఇంకా గట్టిగా లాగగలదన్నమాట. చక్రాలు మట్టిని రాసుకుంటూ వెళ్లాలి. రెండు మూడు వేళ్ల ఎత్తు లేచినా ఫర్వాలేదు. అంతకు మించితే ఇంజిన్ బలం బండిని ముందుకు తోయడం మానేసి పైకెత్తడానికి పోతుంది, పైగా మొదటి మలుపు దగ్గర హ్యాండిల్ తిప్పినా బండి వినదు.

క్వాడ్ ఇంత తేలిగ్గా ఎందుకు లేస్తుందంటే, అది పొట్టి బండి. యమహా వైఎఫ్‌జెడ్450ఆర్‌నే తీసుకోండి: వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం) దాదాపు 1,270 మిల్లీమీటర్లు. అదే కంపెనీ 450 సీసీ మోటోక్రాస్ బైక్‌కి దాదాపు 1,480. క్వాడ్‌కి వెనక రెండు చక్రాలూ ఒకే యాక్సిల్ (ఇరుసు) మీద బిగించి ఉంటాయి, టైర్లు వెడల్పు, మెత్తన. అంత పట్టు దొరికితే చక్రం జారే లోపే ముక్కు లేస్తుంది. దీనికి మీ దగ్గరున్న పెద్ద మందు మీ ఒళ్లే. ఆ బండి పెట్రోలుతో కలిపి 185 కిలోల లోపు. మీరు 70 కిలోలనుకుంటే మొత్తం బరువులో పావు వంతు పైనే మీరే. మీరు జానెడు ముందుకు జరిగారంటే ఏ స్ప్రింగు మార్చినా రానంత తేడా వస్తుంది.

కాబట్టి సీటు ముందు భాగంలో, ట్యాంకుకు ఆనుకుని కూర్చోండి. గడ్డం హ్యాండిల్ బార్ పైకి రావాలి, మోచేతులు పైకి లేచి బయటికి ఉండాలి. బైక్‌లా పడిపోదు కదా, రెండు కాళ్లూ ఫుట్‌పెగ్‌ల మీదే పెట్టి మోకాళ్లతో ట్యాంకును నొక్కి పట్టుకోండి. చాలామంది ఇక్కడే హ్యాండిల్‌కి వేలాడతారు. బండి దూకగానే చేతులు చాచుకుపోతాయి, ఒళ్లు వెనక్కి పోతుంది, ముక్కు ఇంకా లేస్తుంది. మేం సీటు మీద అడ్డంగా తెల్ల టేపు ముక్క అంటించాం. లాంచ్ అయ్యాక కిందికి చూస్తే టేపు మన ముందు కనబడుతోందంటే వెనక్కి జారిపోయామని అర్థం. చూడ్డానికి పిచ్చిగా ఉంటుంది గానీ, దీనికంటే బాగా నేర్పే కోచ్ నాకు దొరకలేదు.

ఇప్పుడు అసలు విషయం, క్లచ్. క్వాడ్‌లో థ్రాటిల్ బొటనవేలితో నొక్కేది. ఆ వేలిని ఒకచోట, సగం కన్నా కాస్త తక్కువలో, నిలిపేయండి. ఇంజిన్ మోత ఒకే స్థాయిలో ఉండాలి. ఇక వేగమంతా ఎడమ చేతి రెండు వేళ్లలో ఉంటుంది. లీవర్‌ని బండి పాకడం మొదలయ్యే చోటికి ముందే తెచ్చి పెట్టుకోండి. జెండా పడగానే అక్కడి నుంచి సాఫీగా వదలండి, ఒక్కసారిగా కాదు. ముక్కు లేస్తోందనిపిస్తే బొటనవేలు కదపకండి, క్లచ్‌ని ఒక్క పిసరు లోపలికి లాగండి. థ్రాటిల్ వదిలితే ముందు చక్రాలు దబ్బున పడతాయి, ఇంజిన్ మళ్లీ అందుకునేలోపు పక్కవాడు వెళ్లిపోతాడు. మీకు జరుగుతున్నది ఇదే. క్లచ్‌తో అయితే ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, చక్రానికి వెళ్లే బలం మాత్రం తగ్గుతుంది. అదీ సరిపోక ముక్కు మరీ పైకి వస్తుంటే కుడి కాలితో వెనక బ్రేకు తొక్కండి, కిందికి దిగుతుంది.

గేరు సంగతి. మీరు ఫస్ట్‌లో తీస్తున్నారనుకుంటున్నా. 450కి పట్టున్న నేల మీద సెకండ్ మేలు. చక్రం మీద టార్క్ (తిప్పే బలం) తగ్గుతుంది, ఫస్ట్ నుంచి సెకండ్‌కి మార్చినప్పుడు ముక్కు ఇంకోసారి ఎగిరే గొడవా ఉండదు. కాకపోతే క్లచ్ ప్లేట్లు ఎక్కువ వేడెక్కుతాయి. ఇంజిన్‌కీ క్లచ్‌కీ ఒకటే ఆయిల్ కాబట్టి, డబ్బా మీద జాసో ఎంఏ (ఇలాంటి తడి క్లచ్‌కి సరిపడే ఆయిల్ అని చెప్పే గుర్తు) అని ఉన్న బైక్ ఆయిలే పోయండి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది.

మన దగ్గర నేల కూడా ఒక్కలా ఉండదు. ఎండాకాలంలో ఎర్ర మొరం మీద పైపొర దుమ్ములా ఉంటుంది, వెనక చక్రాలు ముందు తిరిగిపోతాయి, కాబట్టి ముక్కు పెద్దగా లేవదు. చిన్న జల్లు పడి నేల బిగుసుకున్న రోజు చూడండి, అదే థ్రాటిల్‌కి బండి నిలువునా లేస్తుంది. వికారాబాద్ వైపు నల్లరేగడి తడిస్తే మాత్రం టైర్ల గాళ్లన్నీ బంకమట్టితో నిండిపోతాయి, ఆ రోజు లాంచ్ సంగతి మర్చిపోయి మిర్చి బజ్జీలు తినడం మంచిది. స్టార్ట్ లైన్‌లో వెనక చక్రాల ముందున్న గుంతలు బూటుతో పూడ్చి తొక్కండి. గుంత గట్టుకి చక్రం తగలగానే ముక్కు ఎగురుతుంది.

టైర్ల గాలి కూడా చూసుకోండి. ఈ టైర్లకి నాలుగు నుంచి ఆరు పీఎస్ఐ సరిపోతుంది. పంక్చర్ షాపులో ముప్పై నలభై చూపించే గేజ్‌తో అది సరిగ్గా తెలియదు, లో ప్రెషర్ గేజ్ విడిగా కొనుక్కోండి. సస్పెన్షన్‌లో వెనకభాగం మరీ కుంగిపోకుండా ప్రీలోడ్ (స్ప్రింగు బిగింపు) కొంచెం పెంచండి, ముందు షాక్‌ల రీబౌండ్ (నొక్కుకున్న షాక్ తిరిగి సాగే వేగం) కొంచెం నెమ్మది చేయండి. ఈ రెండూ చేశాక కూడా లేస్తుంటే అప్పుడు వెనక స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) ఒకట్రెండు పళ్లు తగ్గించడం గురించి ఆలోచించండి. పొడవాటి స్వింగ్ఆర్మ్ (వెనక యాక్సిల్‌ని పట్టుకునే చెయ్యి) తిన్నగా పోయే డ్రాగ్ రేసు వాళ్లకి బాగుంటుంది, మలుపులున్న ట్రాక్‌లో బండి మొద్దుబారిపోతుంది, డబ్బు దండగ.

ప్రాక్టీస్‌కి ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) సర్వీస్ రోడ్డు మీదికి మాత్రం వెళ్లకండి. తారు మీద పట్టు మట్టి కన్నా చాలా ఎక్కువ, ముక్కు ఎప్పుడు లేచిందో తెలిసేలోపు బండి మీ మీద పడి ఉంటుంది. అది రోడ్డు మీద తిరగాల్సిన బండీ కాదు. మణికట్టుకి కట్టుకునే కిల్ స్విచ్ తాడు లేకపోతే ఈ ఆదివారం లోపే పెట్టించండి. వెనక్కి తిరగబడి మీరు బండి నుంచి విడిపోగానే ఇంజిన్ ఆపేది అదే.

ఫోన్ నేల మీద పెట్టి పక్క నుంచి స్లో మోషన్‌లో వీడియో తీయించుకోండి. ముందు టైరుకీ దాని నీడకీ మధ్య సందు చూస్తే ఎంత లేచిందో తెలిసిపోతుంది. ఆ వీడియోతో పాటు మీ బండి ముందూ వెనకా స్ప్రాకెట్‌లకు పళ్లెన్నో రాయండి, గేరింగ్ మార్చాలో వద్దో చూసి చెప్తాను.